ఎర్రక్క మెచ్చిన మెడ

ఎర్రక్క అంటే ఒంటి రంగు చూసి పెట్టిన పేరనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. ఆవిడ చామనచాయ మనిషి. వైద్య కళాశాలలకు పంపే తోలు తీసిన మనిషి బొమ్మలకు ఇరవై ఆరేళ్లుగా కండలు దిద్దీ దిద్దీ, ఆ ఎర్రరంగు గోళ్ల సందుల్లోకీ వేళ్ల ముడతల్లోకీ ఎక్కి, ఇక దిగేది లేదని కూర్చుంది. కిరసనాయిలుతో కడిగినా పోదు. బస్సులో పక్క సీటువాళ్లు ఆ చేతులు చూసి ఉలిక్కిపడి కాస్త జరిగి కూర్చుంటే, "భయపడకండి, రంగే" అని నవ్వేది.

ఆ బొమ్మల షాపు కళాశాల వెనక సందులో ఉంది. రేకుల కప్పు, రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన ఎర్రక్క బల్ల, బల్ల మీద పద్దెనిమిది కుంచెలు. వెనకగదిలో ఆమె తమ్ముడు. ప్లాస్టరు కలిపి అచ్చుల్లో పోయడం, ఆరాక తీసి గరుకు కాగితంతో నున్నగా రుద్దడం అతని పని. ఒట్టి ప్లాస్టరు బొమ్మలు లారీలో దారి పొడుగునా విరుగుతున్నాయని షాపాయన అందులో మెత్తటి రాతిపిండి కలిపించేవాడు. బొమ్మ గట్టిగా ఉండేది. రుద్దితే లేచే దుమ్ము కూడా పిసరంత బరువు లేకుండా గాల్లోనే వేలాడేది. సాయంత్రం తమ్ముడు వెనకగది తలుపు తీసుకుని బయటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. "వచ్చాడమ్మా తాతయ్య!" అని ఎర్రక్క రోజూ వెక్కిరించేది, అతను రోజూ కర్ర పట్టుకున్నట్టు వంగి నడిచి చూపించేవాడు.

ఆ వెనకగది కిటికీ మూయించింది ఎర్రక్కే. గాలొస్తే దుమ్ము ముందుగదిలోకి తేలుకుంటూ వచ్చి తడిరంగు మీద వాలేది. వాలిందంటే ఆ బొమ్మ మళ్లీ మొదటికొచ్చినట్టే. "ఒరేయ్, నీ దుమ్ము నీ దగ్గరే పెట్టుకో!" అని ఒకరోజు కేకలేసి, కిటికీకి మేకులు కొట్టించి, మధ్య తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. రంగు విషయంలో ఆవిడ మహా పట్టుదల మనిషి, ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

తమ్ముడు ఆమెకంటే ఆరేళ్లు చిన్న. తల్లి పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. ఎర్రక్కే తల దువ్వింది, ఎర్రక్కే బడిలో దింపింది, ఆ చదువు వాడికి అంటకపోతే పద్దెనిమిదో ఏట తనే చెయ్యి పట్టుకుని ఈ షాపుకు తీసుకొచ్చింది. ఆమె మొగుడు పెళ్లైన నాలుగేళ్లకే పోయాడు, వీడేమో పెళ్లి మాటెత్తితే పారిపోయేవాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో పోట్లాడుకుంటూ ఉండిపోయారు. తమ్ముడు మనిషి సన్నం, మెడ పొడుగు. బడిలో వాడి పేరు కొంగ. ఆ పేరు పెట్టినవాళ్ల మీదికి ఎర్రక్క పలక ఎత్తుకుని యుద్ధానికి వెళ్లిన రోజులున్నాయి.

ఆ మెడే చివరికి షాపుకు పేరు తెచ్చింది. మొదట్లో వాళ్ల బొమ్మకి మెడ పుస్తకంలో పటం చూసి చేసింది. చూస్తే నీళ్ల గొట్టంలా ఉండేది. కొనేవాళ్లు పెదవి విరిచేవారు. ఒక మధ్యాహ్నం తమ్ముడు గుమ్మంలో నిలబడి, సందు చివర ఎవరినో పిలవడానికి తల ఎడమకి తిప్పాడు. కుడి చెవి వెనక నుంచి కిందికి రొమ్ము ఎముక దాకా ఒక తాడు లేచి నిలబడింది.

"కదలకురా!" అని అరిచింది ఎర్రక్క.

"ఏమైందే? తేలా?"

"తేలు కాదు. నీ మెడ."

వాడికి నూనె పూసి, తడిప్లాస్టరు గుడ్డలు మెడ చుట్టూ పరిచి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి అచ్చు తీసింది. ఆ అచ్చులోంచి వచ్చిన మెడ మీద మైనంతో, చెక్కుడు పుల్లతో కండలు తేల్చింది. అప్పటినుంచి షాపు బొమ్మలన్నిటికీ తమ్ముడి మెడే.

ఛాతీ మాత్రం వాడిది పనికి రాలేదు. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. అందుకని మార్కెట్లో బస్తాలు మోసే ఒకాయన్ని బతిమాలి ఆయన ఛాతీ అచ్చు తీశారు. రెండిటినీ అతికించి మొదటి బొమ్మ నిలబెట్టిన రోజున తమ్ముడు దాని చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

"మెడ నాది, మొండెం ఆయనది. బాగుంది. ఇద్దరికీ కలిపి ఒక్క పెళ్లి చేసెయ్యి అక్కా, ఖర్చు కలిసొస్తుంది."

ఎర్రక్క ఏడో తరగతితో ఆపేసిన మనిషి. కండల అసలు పేర్లు ఆవిడకి నోరు తిరగవు. బొమ్మ మీద అంటించే చీటీల నంబర్లూ, తను పెట్టుకున్న పేర్లూ, అంతే. మెడ పక్కనున్నది తాడు. ఛాతీ మీద పరుచుకున్నది విసనకర్ర. తాడుకి గీతలు నిలువునా గియ్యాలి. విసనకర్రకి రొమ్ము ఎముక దగ్గర వెడల్పుగా మొదలుపెట్టి భుజం దగ్గరికి పోగేసి గియ్యాలి. ఏ కండ ఏం చేస్తుందో కూడా కళాశాల పిల్లలు మాట్లాడుకుంటుంటే విని, తమ్ముడి మీద పరీక్షించి నేర్చుకుంది. కుడి తాడు లాగితే మొహం ఎడమకి తిరుగుతుంది. రెండు తాళ్లూ కలిసి లాగితే తల ముందుకు వంగుతుంది. విసనకర్ర చేతిని ముందుకు తెస్తుంది. తలుపు తొయ్యాలన్నా, పిల్లని గుండెకి హత్తుకోవాలన్నా అదే. తాడు పైనుంచి, విసనకర్ర కిందనుంచి వచ్చి ఒకే ఎముకను పట్టుకున్నా, మెడది తల పని, ఛాతీది చేతి పని, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. అలాగని ఆవిడ గట్టిగా నమ్మింది. షాపుకొచ్చిన పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పేది కూడా.

అచ్చులు అరిగిపోతాయి కాబట్టి ఐదేళ్లకోసారి మెడకి కొత్త అచ్చు తీసేవారు. రెండోసారి తీసినప్పుడు తాళ్లు మొదటిసారికంటే స్పష్టంగా తేలాయి. మూడోసారి ఇంకా. నాలుగోసారైతే చెక్కుడు పుల్ల పెట్టాల్సిన పనే లేకపోయింది. తాళ్ల వెనక, లోతుగా ఉండే సన్న కండలు కూడా చర్మం కిందనుంచి కనిపించాయి. కాలరు ఎముక మీద గుంట గుప్పెడు ఉప్పు పట్టేంత లోతుంది.

"ఏం తింటున్నావురా, మెడ ఇంత అందంగా తయారైంది?" అంది ఎర్రక్క మురిసిపోతూ.

"వయసొచ్చేకొద్దీ అందగాణ్ణవుతున్నా," అన్నాడు తమ్ముడు. అని దగ్గాడు. దగ్గి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

దగ్గు అప్పటికే పాతచుట్టం. ఇంటి మెట్లు పద్నాలుగు. మధ్యలో రెండుసార్లు ఆగడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. పై మెట్టు మీద సంచితో నిలబడి ఎర్రక్క విసుక్కునేది. "ముసలాడివైపోయావురా, ఎక్కు! నాకంటే చిన్నవాడివి, సిగ్గులేదూ?" వాడు చెయ్యి ఊపి, ముందు నువ్వెళ్లు అన్నట్టు సైగ చేసేవాడు. మాట్లాడ్డానికి ఊపిరి చాలక సైగ చేస్తున్నాడని ఆవిడకి తట్టలేదు. దుమ్ములో పనిచేసేవాడికి దగ్గు రాక ఏమొస్తుంది అనుకుంది. దగ్గు మందు సీసాలు తెచ్చి పోసింది. వేడినీళ్లు తాగించింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ప్రేమకి లోటు చెయ్యలేదు. అసలు సంగతే ఆవిడ కంటికి ఆనలేదు, అదీ ఖర్మ.

ఒకరోజు పొద్దున కళాశాలకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ షాపుకొచ్చింది. శరీర నిర్మాణం పాఠం చెప్పే మనిషి. నాలుగో అచ్చుతో చేసిన బొమ్మ అప్పుడే ఆరింది. ఎర్రక్క దాన్ని కిటికీ వెలుగులోకి జరిపి, తన పనితనం చూడమన్నట్టు పక్కకి తప్పుకుంది. డాక్టరమ్మ ఒకసారి చుట్టూ తిరిగింది. మెడ దగ్గర ఆగింది. ఛాతీ చూసి, మళ్లీ మెడ చూసింది.

"ఈ రెండూ ఒకే మనిషివి కావు కదమ్మా?"

ఎర్రక్కకి ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లలో ఎవరూ పట్టుకోలేదు. "ఎట్లా కనిపెట్టారండీ? అతుకు కనిపిస్తోందా?"

"అతుకు కాదు. ఇంత బలమైన ఛాతీ ఉన్నవాడికి మెడ ఇంత కష్టపడాల్సిన పని లేదు. ఇది నువ్వు కావాలని పెంచి చెక్కావా, లేక నిజంగా మనిషి మెడ అచ్చేనా?"

"మనిషిదేనండీ. పుల్ల కూడా పెట్టలేదు. మా తమ్ముడిది," అంది ఎర్రక్క. ఆ అనడంలో ఎంత గర్వముందో ఆ తర్వాత తలుచుకుని తలుచుకుని కుమిలిపోయింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ తమ్ముడు ఎక్కడున్నాడు?"

ఎర్రక్క మధ్య తలుపు తీసి పిలిచింది. తమ్ముడు దుమ్ము దులుపుకుంటూ వచ్చి, పెద్దమనిషిని చూసి నమస్కారం పెట్టి, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. డాక్టరమ్మ ఏమీ అడక్కుండా నిమిషం సేపు వాడి మెడ వంక చూసింది. ఎర్రక్క కూడా చూసింది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ తాళ్లు రెండూ బిగుస్తున్నాయి. గొంతు కింద గుంట లోపలికి పోతోంది. తల ఎటూ తిప్పకుండానే. తల తిప్పే కండ, తల తిప్పకుండా ఎందుకు బిగుస్తోంది? ఇన్నేళ్ల నుంచీ కళ్లెదుట ఉన్న ప్రశ్న ఆవిడకి అప్పుడు తట్టింది.

"తాడు తల పని కదండీ చేసేది?" అంది.

"అవును. కానీ కింద ఊపిరి చాలకపోతే పక్కటెముకల గూడుని పైకి లాగడానికి వస్తుంది. ఆ చేతులు మోకాళ్ల మీద ఎందుకు ఆనించాడో చూశావా? చేతులు కదలకుండా బిగిస్తే, చేతిని లాగాల్సిన ఛాతీ కండ కూడా తిరిగి పక్కటెముకల్నే లాగుతుంది. ఇల్లు అంటుకుంటే ఎవరి పని వాళ్లు వదిలేసి బిందెలు పట్టుకుని పరిగెత్తినట్టు. కాకపోతే ఈ ఇల్లు చాలా ఏళ్లుగా అంటుకునే ఉంది."

ఇదంతా వింటూ తమ్ముడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నా మెడ బాగాలేదంటున్నారా అక్కా?" అన్నాడు.

ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము తీశారు. నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లటి మచ్చలు, పైభాగాన ముద్దలు కట్టి. ఇరవై మూడేళ్ల రాతిపిండి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, గట్టిపడింది మళ్లీ మెత్తబడదనీ, ఉన్న కాస్తా కూడా రోజురోజుకీ తగ్గేదే తప్ప పెరిగేది కాదనీ డాక్టరమ్మే పక్కకి పిలిచి విడమరిచి చెప్పింది. ఎర్రక్క వినలేదు. వినడానికి ఆవిడకి మనసొప్పలేదు.

"ఛాతీ కండలు పెంచితేనో? బస్తాలాయన దగ్గరికి పంపిస్తాను, మెల్లమెల్లగా బరువులెత్తిస్తాడు. మంచి తిండి పెడతాను. గుడ్లు, పాలు, మాంసం…"

"కండలది లోపం కాదమ్మా. అవి చేయగలిగిందానికంటే ఎక్కువే చేస్తున్నాయి. లోపలిది సాగడం లేదు. సాగనిదాన్ని బయటినుంచి ఎంతమంది లాగితే మాత్రం ఏం లాభం?"

"మరి మందు?"

"దగ్గుకీ, జ్వరానికీ ఇస్తాం. జబ్బుకి లేదు."

"ఎన్నాళ్లు?"

డాక్టరమ్మ వేళ్లు లెక్కపెట్టలేదు గానీ, "శీతాకాలం దాటడం కష్టం" అంది.

మర్నాడు పొద్దున ఎర్రక్క షాపుకి అందరికంటే ముందు వెళ్లింది. సుత్తి తీసుకుని వెనకగది కిటికీ మేకులు పీకింది. ఆ మేకులు తుప్పుపట్టి, విరిగి, రెండు వేళ్లు చీరుకుపోయాయి. కిటికీ తెరుచుకుంది. అటక మీద దుమ్ముకొట్టుకుపోయిన పాత అచ్చులు మూడూ దించి, వాడుకలో ఉన్న నాలుగోదాన్ని వాటి పక్కన పెట్టింది. ఒక్కొక్క దాంట్లో పల్చగా ప్లాస్టరు పోసి, ఆరాక తీసి నాలుగు మెడలూ వరసగా బల్ల మీద పెట్టింది. అచ్చుల వెనక పెన్సిలుతో తనే రాసిన సంవత్సరాలున్నాయి. మొదటిది కుర్రవాడి మెడ. తాడు తల తిప్పితేనే లేచిన తాడు. రెండోదాంట్లో గొంతు కింద గుంట, వేలు పెట్టి చూస్తే తెలిసేంత. పదకొండేళ్ల క్రితం. మూడోదాంట్లో చూస్తే చాలు, వేలు అక్కర్లేదు. నాలుగోది చూడలేక తిప్పి పెట్టింది.

పదకొండేళ్ల క్రితం ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే, ఈ గదిలోంచి బయటికి లాగి ఇంకేదో పనిలో పెట్టి ఉంటే మనిషి మిగిలేవాడు. తను ఏం చేసింది? 'కదలకు, కదలకు, భలే తేలింది' అంది. తన చేత్తో తీసింది, తన చేత్తో తారీకు వేసింది, తన చేత్తో రంగు దిద్ది ఊరూరా పంపింది. వాడి రోగాన్ని పట్టుకుని ముచ్చటపడింది. ఎర్రక్క ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. షాపాయన వచ్చి చూసి, టీ చెప్పనా అని అడిగాడు. ఆవిడ లేచి ఆయన మీద విరుచుకుపడింది. "మీ రాతిపిండి నా తమ్ముణ్ణి తినేసిందయ్యా!" అంది. "నాకు మాత్రం తెలుసా అమ్మా," అన్నాడాయన. నిజమే, తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియాల్సినంత దగ్గరగా చూసింది తనొక్కతే.

ఆ సాయంత్రం ఉండబట్టలేక వాడితో చెప్పేసింది. వాడు కుర్చీలో కూర్చుని, ముందున్న బల్ల మీద రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీద మోచేతులు ఆనించి ఉన్నాడు.

"నీ మెడ చూస్తూ కూడా గుర్తుపట్టలేకపోయానురా. కిటికీ కూడా నేనే మూయించాను. నన్ను తిట్టు."

వాడు మాట కూడదీసుకున్నాడు. ఒక్కో ముక్కకీ ఒక్కో ఊపిరి.

"నన్ను… ఇంత శ్రద్ధగా… ఇంకెవరు చూశారే?"

"చూసి ఏం లాభం?"

"లాభం లేదు," అని ఒప్పుకున్నాడు. "బాగుండేది… అంతే." కాసేపాగి, "బొమ్మలకి మాత్రం… పేరొచ్చింది" అని నవ్వబోయాడు. నవ్వుకి కూడా ఊపిరి కావాలి. దగ్గు తెర అందుకుంది.

తర్వాత జరిగినదాంట్లో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. మొదట మెట్లు దిగడం మానేశాడు. తర్వాత స్నానాల గది దాకా నడవడం. తర్వాత అన్నం నమలడం, ఎందుకంటే నములుతూ ఊపిరి పీల్చడం ఒకేసారి కుదరలేదు. గాలి సిలిండరు తెచ్చి పెట్టారు, అది బుస్సుమంటూ పక్కన నిలబడింది. పడుకోవడం అసలే లేదు. వెల్లకిలా ఆనిస్తే చాలు, కళ్లు తేలేసి, చేతులతో గాల్లో వెతుక్కునేవాడు. ఐదు నెలలు ఆ కుర్చీలోనే, ఆ దిండ్ల మీదే. నిద్ర పట్టినా మెడ నిద్రపోయేది కాదు. మనిషంతా జారిపోతున్నా ఆ రెండు తాళ్లు మాత్రం లేస్తూ బిగుస్తూ, లేస్తూ బిగుస్తూ పనిచేసేవి. ఎర్రక్క ఎదురుగా కూర్చుని వాటిని చూసేది. నిమిషానికి ముప్ఫై ఆరు. నలభై. నలభై నాలుగు. పని మానేయడంతో చేతులకి రంగు వదిలింది. ఆ వెలిసిపోయిన వేళ్లని చూస్తే ఆవిడకే భయమేసేది.

ఒకరోజు తన చేతులతోనే ఆ మెడని ఆదుకుందామని, వెనక నిలబడి రెండు అరచేతులతో తల పట్టుకుంది. కాస్త బరువైనా తీసినట్టుంటుందని. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

"అక్కా…"

"చెప్పరా."

"ఇంకేం వద్దు… ఒక్కసారి… కాళ్లు చాపి… పడుకోవాలనుంది."

రేపు చూద్దాం అంది ఎర్రక్క.

మూడో రోజు పొద్దున పది గంటలకి, కిటికీలోంచి ఎండ కుర్చీ దాకా వచ్చిన వేళ, తాళ్లు లేవడం తగ్గింది. ఎర్రక్క లెక్కపెడుతూనే ఉంది. ఇరవై. పన్నెండు. ఒకటి లేచింది, దాని తర్వాతది చాలాసేపటికి గానీ లేవలేదు. ఆ తర్వాత లేవలేదు. పేరు పెట్టి పిలిచింది, చెంపలు తట్టింది, సిలిండరు మీట తిప్పింది. పక్కింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఇద్దరూ కలిసి పట్టుకుని మంచం మీదికి చేర్చారు. బరువే లేడు. వీపు ఆనించేటప్పుడు ఎర్రక్క అలవాటుగా, జాగ్రత్తగా, భయంభయంగా మెల్లగా దించింది. వాడు ఉలిక్కిపడలేదు. చేతులతో వెతుక్కోలేదు. మెడ మీది తాళ్లు రెండూ కిందికి సోలిపోయాయి, గొంతు కింద గుంట పూడుకుపోయింది. అది ఎవరి మెడైనా కావచ్చు, అంత మామూలుగా ఉంది. ఆ మెడని ఆవిడ ఎప్పుడూ చూసి ఎరగదు. కాళ్లు వంకర తీసి, చాపి, తల కింద దిండు తీసేసి తిన్నగా సర్దింది.

"పడుకోరా," అంది, "పడుకో నాయనా, పడుకో," అంటూ ఆ మెడ మీద మొహం పెట్టి గొల్లుమంది.